మా వారు బ్రోకరే

మొన్న మాఘమాసంలో మా పెద్దమ్మాయిని చూసుకోవడానికి పెళ్ళివారు వచ్చారు. పకోడీలు, కాఫీలు అయ్యాక పిల్లవాడి తల్లి నా పక్కకు జరిగి, "వదినగారూ, అన్నయ్యగారు కస్టమ్స్‌లో అని చెప్పారు మధ్యవర్తి. ఏ ఉద్యోగమండీ?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా మా అత్తగారు అందుకుని, "క్లియరింగ్ ఏజెంటమ్మా. సొంత ఆఫీసు" అనేసింది. మా వారు ఊరుకోవచ్చు కదా! ఊరుకుంటే ఆయన మా వారెందుకవుతారు? "ఇప్పుడు ఆ పేరు లేదండీ. కస్టమ్స్ బ్రోకరు అంటారు" అని సరిదిద్దారు.

"బ్రోకరా?" అని ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టేసింది.

మన తెలుగులో ఆ మాటకున్న పరువు మీకు తెలియనిది కాదు. ఇళ్ళ బ్రోకరు, పెళ్ళిళ్ళ బ్రోకరు, ఇంకా పైకి చెప్పుకోకూడని బ్రోకర్లూ ఉన్నారు. 2013 దాకా మా వారి వృత్తికి 'కస్టమ్ హౌస్ ఏజెంటు' అని నిక్షేపంలాంటి పేరుండేది. ఆ యేడు చట్టంలోనే ఆ మాట తీసేసి 'కస్టమ్స్ బ్రోకరు' అని పెట్టారు. మిగతా దేశాల్లో అలాగే అంటారట. ఆ దేశాల్లో ఆడపిల్లలకు సంబంధాలు చూసుకోవక్కర్లేదు కాబోలు. మా అత్తగారు మాత్రం ఈనాటికీ ఆ మాటను ఇంట్లో పలకనివ్వదు.

ఆ రోజు పెళ్ళివారి ముందు చెప్పలేకపోయినదంతా ఇక్కడ చెప్పుకుంటున్నాను. ఇందులో నా తప్పు కూడా ఒకటుంది. అదీ చెబుతాను.

మాది విశాఖపట్నం. ఇక్కడి రేవు 1933లో మొదలైంది. ఈ రేవులో దిగే ప్రతి సరుకుకీ 'బిల్ ఆఫ్ ఎంట్రీ' అనీ, ఎక్కే ప్రతి సరుకుకీ 'షిప్పింగ్ బిల్లు' అనీ ఒక పత్రం కస్టమ్స్ వారికి దాఖలు చెయ్యాలి. పెట్టెలో ఏముంది, ఎంత ఉంది, ఖరీదెంత, ఏ అంకె కిందికి వస్తుంది, పన్నెంత అన్నీ అందులో ఉండాలి. సరుకుగల ఆసామి తన పత్రం తాను వేసుకోవచ్చు. ఇంకొకరి సరుకుకు వృత్తిగా ఆ పని చెయ్యాలంటే మాత్రం లైసెన్సు ఉండి తీరాలి. 1962 నాటి కస్టమ్స్ చట్టంలో 146వ సెక్షను అదే చెబుతుంది.

1998లో నేను కాపరానికి వచ్చేసరికి మా వారు హార్బరు దగ్గర ఒక ఏజెంటుగారి ఆఫీసులో గుమాస్తా. జేబులో ఫొటో అంటించిన కార్డొకటి ఉండేది. రెండేళ్ళ తర్వాత దాని స్థానంలో ఇంకో కార్డు వచ్చింది. "జి కార్డు పాసయ్యాను" అని స్వీట్లు తెచ్చారు. జి అంటే గవర్నమెంటు అనుకుని మా అమ్మకు ఉత్తరం రాసేశాను కూడా, అల్లుడికి గవర్నమెంటు కార్డు వచ్చిందని! తర్వాత తెలిసింది, అవి ఫారాల పేర్లు. హెచ్ కార్డు వాళ్ళు తోడుగా తిరిగి పనిచెయ్యాలి, సంతకం పెట్టకూడదు. జి కార్డు వాళ్ళు కస్టమ్స్ వారు పెట్టే పరీక్ష నెగ్గినవాళ్ళు, యజమాని అధికారమిస్తే సంతకం పెట్టవచ్చు. ఎఫ్ కార్డు అన్నిటికన్నా పైది, లైసెన్సు పరీక్ష పాసైనవారిది. ఈ ఆఫీసుల్లో పనికి చేరడానికి ఇప్పుడు కనీసం ఇంటర్ పాసవ్వాలి. నేనూ ఇంటరే. "అయితే నాకూ ఒక హెచ్ కార్డు ఇప్పించండి" అని అప్పుడప్పుడు ఆయన్ని ఆటపట్టిస్తుంటాను.

ఇరవై యేళ్ళు ఒకరి దగ్గర పనిచేశాక, 2018లో కొత్త నిబంధనలు వచ్చినప్పుడు, సొంత లైసెన్సుకు కూర్చుంటానన్నారు. డిగ్రీ ఉండాలి. దాని మీద సి.ఏ. లాంటిదో, ఎం.బి.ఏ.నో, లా డిగ్రీనో, కస్టమ్స్ పని డిప్లొమానో ఉండాలి. ఇవేవీ లేకపోతే జి కార్డుతో కనీసం రెండేళ్ళ అనుభవం ఉండాలి. ఈయనది బి.కాం., అనుభవానికేం, ఒకటి కాదు పదిమందికి పంచేంత ఉంది. కంప్యూటరు మీద రాతపరీక్ష, అది గట్టెక్కితే మౌఖిక పరీక్ష. రెండూ పాసవ్వాలి. ఈ పరీక్ష నడిపేది కస్టమ్స్ వారి శిక్షణ అకాడమీ, నాసిన్ అంటారు. 2024 జనవరిలో శ్రీ సత్యసాయి జిల్లా పాలసముద్రంలో దాని కొత్త ప్రాంగణాన్ని ప్రధానమంత్రి ప్రారంభిస్తుంటే టీవీలో చూసి, "వీళ్ళేనా మిమ్మల్ని మొదటిసారి తప్పించింది?" అన్నాను. ఆయన నవ్వలేదు.

అవును, మొదటిసారి తప్పారు. నలభై దాటిన మనిషి, ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు పరీక్షలు రాసి పాసవుతుంటే తను తప్పడం అంటే మాటలా! రెండోసారి చదువుకి నేను కూర్చున్నాను. రాత్రి వంటిల్లు సర్దుకున్నాక నేను ప్రశ్న చదవడం, ఆయన జవాబు చెప్పడం. నా ఇంగ్లీషు ఇంటర్‌తో ఆగిపోయినా చదవడం వరకూ ఫరవాలేదు. ఓడ రాకపోకల నిబంధనలు, సరుకు ఖరీదు కట్టే పద్ధతులు, గిడ్డంగులు, నిషిద్ధ సరుకులు, లంచాల చట్టం, మందుల చట్టం, ఆయుధాల చట్టం, అబ్బో, ఒకటా రెండా! ఒక అరటిపండు ఈ దేశంలోకి రావాలంటే ఇన్ని చట్టాలు దాటాలా అనిపించింది.

నాకు బాగా నచ్చింది టారిఫ్ పుస్తకం. ప్రపంచంలో ఉన్న సరుకంతా అందులో 98 అధ్యాయాల కింద సర్ది ఉంటుంది, మనం అలమరలో డబ్బాలు సర్దుకున్నట్టు. 77వ అధ్యాయం మాత్రం ఖాళీ. ముందు ముందు పనికొస్తుందని అట్టే పెట్టారట. మా అత్తగారు కూడా అంతే, పోపుల అలమరలో ఒక ఖాళీ డబ్బా ఎప్పుడూ ఉంచుతుంది.

వేరుశనగ గుళ్ళు పచ్చివైతే 12వ అధ్యాయం. వేయించారో, 20వ అధ్యాయానికి పోతాయి. రొయ్యలు మన విశాఖ రేవు నుంచి బోలెడు ఎగుమతవుతాయి కదా, పచ్చివి గడ్డకట్టించి పంపితే మూడో అధ్యాయం. పొట్టుతోనే నీళ్ళలో ఉడికించినా మూడే. పొట్టు తీసి ఉడికిస్తే పదహారు! పొట్టు ఎప్పుడు తీశారనేదాని మీద అంకె మారుతుంది, అంకెతో పన్నూ మారవచ్చు. "మరి ఇది రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళనడగాలి గాని మిమ్మల్నెందుకు అడుగుతారు?" అంటే, "అడిగి తెలుసుకుని రాయడమే నా పని" అన్నారు.

కొబ్బరినూనె సంగతి మీరు పేపర్లో చదివే ఉంటారు. చిన్న సీసాల్లో అమ్మే కొబ్బరినూనె వంటనూనా, తలనూనా? 15వ అధ్యాయమా, 33వ అధ్యాయమా? అది ఎక్సైజు పన్ను కేసే గాని లెక్క మాత్రం ఇదే అంకెల లెక్క. ఏళ్ళ తరబడి నడిచి, సుప్రీంకోర్టులో 2018లో ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పి, చివరికి 2024 డిసెంబరులో ముగ్గురు జడ్జీలు కూర్చుని, సీసా చిన్నదైనంత మాత్రాన తలనూనె అయిపోదు, తలనూనె అని చెప్పి అమ్మకపోతే అది వంటనూనే అన్నారు. వంటింట్లో అరసెకనులో తేలే విషయం! కానీ నవ్వొచ్చే ఆ తేడాలో ఎన్ని కోట్ల పన్ను ఉంటుందో ఆలోచించండి. అందుకే ఆ అంకె రాసే మనిషికి పరీక్ష, ఆ మనిషి మీద ఒక కన్ను.

సరే, రెండోసారికి పాసయ్యారు. పాసవగానే లైసెన్సు ఇచ్చెయ్యరు. కనీసం అయిదు లక్షల ఆస్తి చూపాలి. కమిషనరుగారి పేర అయిదు లక్షలకు బ్యాంకు గ్యారంటీయో, జాతీయ బ్యాంకులో ఫిక్సెడు డిపాజిట్టో పెట్టాలి. ఆఫీసు అద్దె, కంప్యూటరు, ఇద్దరు కుర్రాళ్ళ జీతాలు ఇవి వేరే. పెద్దమ్మాయి అప్పుడు ఇంజనీరింగులో ఉంది. నా ఆరు జతల గాజులూ, మా అమ్మ పెట్టిన కాసులపేరూ బ్యాంకుకు వెళ్ళాయి. ఆ డబ్బూ దాచుకున్నదీ కలిపితే డిపాజిట్టు అయింది. ఇప్పటికీ నా చేతులకున్నవి రోల్డుగోల్డువే. ఆ పెళ్ళివారావిడ వాటినీ చూసింది, నాకు తెలుసు.

పోనీ ఇంత పెట్టాక రాబడి వచ్చిందా? నెమ్మదిగా. పెద్ద పెద్ద ఎగుమతిదారులు పాత ఏజెంట్లను వదలరు. 2021లో ఒక మేలు జరిగింది. అదివరకు పదేళ్ళకోసారి లైసెన్సు రెన్యువల్ చేయించుకోవాలి, ఆ యేడు నుంచి జీవితకాలం చెల్లేట్టు చేశారు. కాని యేడాదిపాటు పని చెయ్యకుండా ఊరుకుంటే చెల్లకుండా పోతుంది. అంటే చిన్నదో పెద్దదో పని తెస్తూ ఉండాలి.

ఇదిగో, ఇక్కడ మా చిన్నతమ్ముడు వస్తాడు.

వాడికి గాజువాకలో మూడు లారీలున్నాయి. రేవు నుంచి, రేవుకు కంటైనర్లు తోలుతాడు. వాడికి తెలియని మనిషి లేడు. 2022 దసరాలకు వచ్చి, "బావా, నీకు పార్టీని తెచ్చాను" అన్నాడు. రెడీమేడ్ బట్టలు ఎగుమతి చేసే కంపెనీ, అనకాపల్లిలో ఉందట. కాగితాలన్నీ కవరులో పెట్టి తెచ్చాడు. ఎగుమతి కోడు నెంబరు, జి.ఎస్.టి. నెంబరు, పాన్ కార్డు, అన్నీ ఉన్నాయి. నాకు ఎంత సంతోషమయిందంటే ఆ పూట పాయసం చేశాను.

నిబంధన ప్రకారం బ్రోకరు తన ఆసామి ఎవరో, చెప్పిన చిరునామాలో వ్యాపారం నిజంగా నడుస్తోందో నమ్మదగిన పత్రాలతో సరిచూసుకోవాలి. వెళ్ళి కంటితో చూసి రమ్మని అందులో లేదు. కంటితో చూడకపోతే నిద్రపట్టని చాదస్తం మా వారిది. "ఆదివారం నూకాంబిక అమ్మవారి దర్శనానికి వెళదామా?" అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు తనంతట తాను గుడికి పిలిచారని నేను పట్టుచీర కట్టుకుని తయారయ్యాను. దర్శనం అయ్యాక స్కూటరు ఇంటివైపు కాకుండా ఏవేవో సందులు తిరుగుతుంటే అప్పుడు అర్థమయింది నాకు, అమ్మవారు ఒక వంక అని.

ఆ చిరునామాలో ఉన్నది రేకుల షెడ్డు. తాళం వేసి ఉంది. తాళానికి తుప్పు. వాకిట్లో ఒక గేదెను కట్టేసి ఉన్నారు. పక్కింటావిడనడిగితే, "కుట్టుమిషన్లా? ఇక్కడ ఎప్పుడూ లేవమ్మా. ఎవరో అబ్బాయి అద్దెకు తీసుకుని బోర్డు పెట్టి ఫొటో తీసుకుని పోయాడు" అంది. మా వారు ఆవిడకు నమస్కారం పెట్టి స్కూటరు ఎక్కారు. దారి పొడుగునా మాట్లాడలేదు. నేను వెనక కూర్చుని, పట్టుచీర చెంగు పొదివి పట్టుకుని, గేదె సంగతే ఆలోచిస్తున్నాను.

తమ్ముడికి ఫోను చేసి, ఈ పని నాకొద్దన్నారు. వాడు సాయంత్రానికల్లా ఇంటికొచ్చాడు. "వాళ్ళు షెడ్డు మార్చారు బావా, కొత్త అడ్రసు కాగితం రేపు ఇస్తారు" అన్నాడు. "మార్చాక రమ్మను" అన్నారు ఈయన. మాటా మాటా పెరిగింది. ఆఖరికి వాడు అసలు సంగతి తెచ్చాడు. "పోనీ నువ్వు చెయ్యకు. లైసెన్సు నాకు వదులు. నీ పేరు మీద నేనే చేసుకుంటాను. నెలకు పాతికవేలు నీ చేతిలో పెడతాను, నువ్వు సంతకాలు పెట్టి ఊరుకో. ఊళ్ళో చాలామంది ఇలాగే చేస్తున్నారు."

మా వారు లేచి వెళ్ళి టారిఫ్ పుస్తకం పక్కనున్న నిబంధనల పుస్తకం తెచ్చారు. లైసెన్సు ఎవరికిచ్చారో వాళ్ళదే, అమ్మకూడదు, ఇంకొకరికి బదలాయించకూడదు అన్న వాక్యం చూపించారు. నిజం చెప్పొద్దూ, ఆ వాక్యాన్ని పదిసార్లు పైకి చదివిపెట్టినదాన్ని నేనే. అయినా తమ్ముడు వెళ్ళాక నేనేమన్నానో తెలుసా? "పాతికవేలంటే అమ్మాయి ఫీజు, ఇంటి అప్పు వెళ్ళిపోతాయి. నా గాజులు బ్యాంకులో పెట్టి తెచ్చిన లైసెన్సు అది. నా తమ్ముడికి ఇవ్వడానికి ఆ పుస్తకం అడ్డం వచ్చిందా?" అన్నాను.

ఆయన గొంతు పెంచలేదు. "నీ గాజులు దాని మీద ఉన్నాయనే ఇవ్వలేదు" అన్నారు. "తేడా వస్తే లైసెన్సు రద్దు చేస్తారు. డిపాజిట్టు జప్తు చేసుకుంటారు."

నాకు ఆ మాట చెవికెక్కలేదు. పది రోజులు ఆయనతో అవసరానికి మించి మాట్లాడలేదు. అన్నం వడ్డించి లోపలికి వెళ్ళిపోయేదాన్ని. తమ్ముడు ఆ సంక్రాంతికి రాలేదు. కనుమ నాడు మా అమ్మ ఫోనులో, "వాడు మీ ఆయన మొహం చూడనంటున్నాడే" అని ఏడిచింది. నేను ఆ మాట ఆయనకు అప్పజెప్పాను, గుచ్చుకోవాలనే. ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయారు.

తమ్ముడికి ఇంకొకరు దొరికారు. మా వారితోపాటే ఒకప్పుడు ఒకే ఆఫీసులో పనిచేసినాయన, నెమ్మదస్తుడు, సొంత లైసెన్సున్నవాడు. ఆయన పేరు మీద ఆ బట్టల కంపెనీ షిప్పింగ్ బిల్లులు వెళ్ళాయి. పని చేసింది తమ్ముడి మనుషులు. ఆయన నెలకింత పుచ్చుకుని ఊరుకున్నాడు.

2023లో అది బయటపడింది. ఎలాగంటే, సరుకు ఎగుమతి చేస్తే దాని మీద ఇక్కడ కట్టిన పన్నును ప్రభుత్వం వెనక్కి ఇస్తుంది. అందుకని వందరూపాయల చొక్కాకు ఆరువందలని రాస్తే, కట్టని పన్ను కూడా వెనక్కి వస్తుంది. అధికారులకు అనుమానం వచ్చి ఒక కంటైనరు ఆపి విప్పించారు. లోపల మామూలు నాసిరకం చొక్కాలు. చిరునామా వెతుక్కుంటూ వెళితే అదే రేకుల షెడ్డు, తాళం. గేదె ఉందో లేదో నాకు తెలియదు. కంపెనీ మనుషులు ఫోనుకు దొరకలేదు. దొరికింది ఎవరయ్యా అంటే, కాగితం మీద సంతకం ఉన్నాయన.

ఆయన లైసెన్సు వెంటనే సస్పెండ్ చేశారు. అంత అవసరమనిపిస్తే కమిషనరు అలా చెయ్యవచ్చు, పదిహేను రోజుల్లోగా ఆ మనిషి చెప్పేది వినే అవకాశం ఇవ్వాలి. ఇచ్చారు. "నేను చూడలేదు, వేరేవాళ్ళు చేశారు" అని చెబితే, మరి అదే కదా తప్పు అన్నారట. బ్రోకరు పని తానైనా చెయ్యాలి, తన కార్డున్న ఉద్యోగి చేతనైనా చేయించాలి. మా తమ్ముడికి ఏ కార్డూ లేదు. ఆ ఆఫీసులో పనిచేసే కుర్రాళ్ళు, వాళ్ళకు ఈ షెడ్డు సంగతి ఏమీ తెలియదు పాపం, పని లేక ఇంట్లో కూర్చున్నారు. వారిలో ఒకడు ఇప్పుడు మా వారి దగ్గరున్నాడు.

తమ్ముడికి కస్టమ్స్ వారి నుంచి సమన్లు వచ్చాయి. చట్టంలో 108వ సెక్షను కింద పిలిచి అడుగుతారు, అక్కడ చెప్పినది రాసి సంతకం చేయించుకుంటారు. మూడుసార్లు వెళ్ళొచ్చాడు. మొదటిసారి వెళ్ళే ముందు రోజు రాత్రి తొమ్మిదింటికి మా గుమ్మంలో నిలబడ్డాడు. యేడాది దాటింది వాడు మా గడప తొక్కి. "అక్కా, బావ ఉన్నాడా?" అన్నాడు. మా వారు లోపలి నుంచి, "భోజనం పెట్టు ముందు" అన్నారు. ఆ రాత్రి ఇద్దరూ ఒంటిగంట దాకా కూర్చున్నారు. "ఉన్నది ఉన్నట్టు చెప్పు. డబ్బు తీసుకున్నానని కూడా చెప్పు. షెడ్డు సంగతి నేను నీకు చెప్పానని కూడా చెప్పు" అన్నారు ఈయన. ఆ మాట వాడికి మేలు చేస్తుందా, కీడా? నాకు అర్థం కాలేదు. వాడు మాత్రం తలూపి వెళ్ళాడు.

కిందటి మార్గశిర గురువారం బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గర ఆ ఇంకొకాయన భార్య కనిపించింది. ఎప్పుడో మా అమ్మాయి ఓణీల ఫంక్షనుకు వచ్చి గోరింటాకు పెట్టిన మనిషి. వరసలో నా ముందు నలుగురికి అవతల ఉంది. చూసింది. తల తిప్పుకుంది. పలకరిద్దామని రెండడుగులు వేశాను. ఏమని పలకరిస్తాను? ఆ ఇంటికి ఆ బట్టల కంపెనీని తీసుకెళ్ళింది నా తమ్ముడు. వాడిని మా ఇంట్లోంచి ఆ ఇంటికి పంపింది మా వారి 'కాదు'. అమ్మవారికి పాలు, పసుపు, కుంకుమ సమర్పించి వచ్చేశాను. ఆమె చేతులకూ గాజులు లేవు. చూడకూడదనుకుంటూనే చూశాను.

ఆ రాత్రి మా వారిని ఒక మాట అడిగాను. ఆ నిబంధనల్లో ఇంకొకటుంది. ఆసామి చట్టం ప్రకారం నడవకపోతే బ్రోకరు ముందు బుద్ధి చెప్పాలి, వినకపోతే కస్టమ్స్ అధికారికి చెప్పాలి. చదివిపెట్టేటప్పుడు నాకు వింతగా అనిపించిన నిబంధన అది. డబ్బులిచ్చేవాడి మీదే చెప్పమంటున్నారే అని! "మరి మీరు ఆ షెడ్డు చూసొచ్చాక ఎవరికీ ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"వాళ్ళు నా ఆసాములు కారు. నేను పని తీసుకోలేదు. నాకు చెప్పాల్సిన బాధ్యత లేదు" అన్నారు.

"ఆయనకైనా చెప్పొచ్చు కదా. మీ స్నేహితుడేగా?"

చాలాసేపటికి, "మీ తమ్ముడి పేరు వస్తుందని" అన్నారు. అటు తిరిగి పడుకున్నారు గాని నిద్రపోలేదు. నాకు తెలుస్తుంది కదా. పదిరోజులు మొహం ముడుచుకుని అన్నం పెట్టినదాన్ని, నా తమ్ముడి పేరు బయటికి రాకూడదని ఆయన నోరు కట్టేసుకున్నారని ఆ రోజు దాకా నాకు తట్టలేదు.

ఆ కేసు ఇంకా తేలలేదు. జరిమానా పడుతుందో లేదో చెప్పలేమంటున్నారు. ఈ చట్టం కింద శిక్షగా జరిమానా పడిన మనిషి లైసెన్సు పరీక్షకు దరఖాస్తు పెట్టడానికే వీల్లేదు. ఇంతకీ ఎందుకు చెబుతున్నానంటే, మా తమ్ముడు ఒక లారీ అమ్మేశాడు. డిగ్రీ రెండో యేట మానేసిన వాడు, ఇప్పుడు దూరవిద్యలో కడతానంటున్నాడు. ఇంటర్ ఉంది కాబట్టి ముందు బావ దగ్గర హెచ్ కార్డు మీద చేరతాడట. పోలీసుల చేత విచారించుకున్నట్టు మా వారు వాడిని నాలుగుసార్లు అడిగారు, చేరి ఏం చేస్తావని. వాడు నాలుగుసార్లూ, "నేర్చుకుంటాను" అనే అన్నాడు.

పెళ్ళివారి దగ్గర్నుంచి ఇంకా కబురు రాలేదు. మా అత్తగారు, "చెప్పానా, ఆ మాట అనొద్దని" అని రోజూ సాధిస్తోంది.

నిన్న మధ్యాహ్నం తమ్ముడు వచ్చి వంటింటి గుమ్మంలో టారిఫ్ పుస్తకం పట్టుకు కూర్చున్నాడు. నేను చట్నీకి వేరుశనగ గుళ్ళు వేయిస్తున్నాను. "అక్కా, ఇవి ఏ అధ్యాయం?" అన్నాడు. "పొయ్యి మీద పెట్టకముందు పన్నెండు. ఇప్పుడు ఇరవై" అన్నాను. వాడు రాసుకున్నాడు. వాడి కార్డు దరఖాస్తు కాగితం బల్ల మీదే ఉంది, మా వారు సంతకం పెట్టవలసిన చోట ఇంకా ఖాళీ.